డబ్బు కట్టేవారు ఎనిమిది మంది, ఉచితంగా ఇరవై మంది: ఒకే వర్క్‌స్పేస్‌లో కుదురుతుందా?

ప్రశ్న: బత్తాయి తోట, నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండలో మేము డ్రిప్ పరికరాలు అమర్చే చిన్న సంస్థ నడుపుతున్నాము. హాలియా, నిడమనూరు, నాంపల్లి, దేవరకొండ వైపు బత్తాయి తోటలే మా పనిలో ఎక్కువ. ఆఫీసులో నాతో కలిపి ఎనిమిది మందిమి ఉన్నాము: డిజైన్ గీసేవారు ఇద్దరు, సామగ్రి చూసేవారు ఒకరు, రైతులతో మాట్లాడి తేదీలు ఖరారు చేసేవారు ముగ్గురు, లెక్కలు రాసేవారు ఒకరు. తోటల్లో పైపులు పరిచే ఫిట్టర్లు ఇరవై మంది. వారు నలుగురేసి చొప్పున ఐదు జట్లుగా వెళతారు.

ఇన్నాళ్లూ ఒక ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌ను ఉచిత ప్లానులో వాడుకున్నాము. అందులో మా పనులన్నీ ఉండే ఉమ్మడి చోటును వర్క్‌స్పేస్ అంటారు. ఒక్కో తోటకు ఒక కార్డు ఉంటుంది; సర్వే, డిజైన్, రైతు వాటా చెల్లింపు, సామగ్రి పంపకం, కందకాల తవ్వకం, మెయిన్ లైన్, లాటరల్ పైపులు, ట్రయల్ రన్ అనే దశల మీదుగా ఆ కార్డు కదులుతుంది. ఆఫీసు వరకు ఇది చక్కగా సాగింది. తోటల్లో ఏం జరుగుతున్నదో మాత్రం సాయంత్రం ఫోన్లలో విని మేమే ఎక్కించేవాళ్లము. మొన్నటి ఎండాకాలంలో పనులు ఒక్కసారిగా మీద పడినప్పుడు ఈ ఫోన్ల పద్ధతి పూర్తిగా దెబ్బతిన్నది. రెండు తోటలకు ఒకే రోజు ఒకే జట్టును పంపుతామని మాట ఇచ్చాము. ఒక రైతు కూలీలను పిలిపించుకుని, కందకాలు తవ్వించి, మధ్యాహ్నం వరకు మా కోసం ఎదురుచూశారు. ఆయనకు ఆ రోజు కూలీ నష్టం మేమే చెల్లించాము గానీ, పోయిన మాట తిరిగి రాలేదు.

అందుకే ఇప్పుడు డబ్బు కట్టే ప్లానుకు మారాలనుకుంటున్నాము. మాకు ఏ పని ఎప్పుడో తేదీల వారీగా చూపే టైమ్‌లైన్ కావాలి, రైతు వాటా తేదీ వంటి వివరాలు రాసుకునే కస్టమ్ ఫీల్డులు కావాలి, గడువు దగ్గర పడితే దానంతట అదే గుర్తుచేసే ఏర్పాటు కావాలి. వీటిని వాడేది ఆఫీసులోని ఎనిమిది మందే. ఫిట్టర్లకు కావలసినవి మూడే పనులు: ఈ రోజు ఏ తోటకు వెళ్లాలో చూడడం, దాని డ్రాయింగ్ తెరవడం, పని అయ్యాక ఫొటో పెట్టి టిక్ చేయడం.

ధర ఒక్కొక్కరికి నెలకు 850 రూపాయలు, జీఎస్టీ అదనం. ఎనిమిది మందికైతే 6,800, ఇరవై ఎనిమిది మందికైతే 23,800. రోజుకు రెండు నిమిషాలు తెరిచే మనిషికి, రోజంతా అందులోనే పని చేసే మనిషికి ఒకే ధర కట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఎనిమిది మందికి డబ్బు కడతాము, మిగతా ఇరవై మందిని అదే వర్క్‌స్పేస్‌లో ఉచితంగా ఉంచండి అని అడిగితే, అలా కుదరదని అమ్మేవారు స్పష్టంగా చెప్పారు. తెలిసినవారు ఒకరు ఇరవై మందికీ ఒకే లాగిన్ ఇవ్వమన్నారు. ఇంకొకరు డబ్బు కట్టేది ఒకటి, ఉచితమైనది ఒకటి అని రెండు వర్క్‌స్పేస్‌లు పెట్టుకోమన్నారు. మీలో ఎవరైనా ఇలాంటి చిక్కును దాటి ఉంటే ఏం చేశారో దయచేసి చెప్పండి.


జవాబు: దివిటిపల్లి టవర్, మహబూబ్‌నగర్

బత్తాయి తోట గారూ, నేను ఇక్కడి ఐటీ టవర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. మీరు అడిగినదాన్ని అమ్మేవారు ఎందుకు ఒప్పుకోరో ముందు చెబుతాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే దారి కూడా అందులోనే కనిపిస్తుంది.

టైమ్‌లైన్, కస్టమ్ ఫీల్డు, ఆటోమేషన్ వంటివి మనిషికి అంటుకుని ఉండేవి కావు, కార్డుకూ, కార్డులన్నీ ఉండే బోర్డుకూ అంటుకుని ఉండేవి. ట్రయల్ రన్ టిక్ పడగానే లెక్కలు చూసే వారికి బిల్లు వేయమని కబురు వెళ్లాలని మీరు ఒక నియమం పెట్టారనుకోండి. ఆ టిక్ పెట్టేది ఫిట్టర్. అతను ఉచిత సభ్యుడైతే ఆ నియమం నడవాలా, ఆగాలా? ఆగితే మీకు ఆ నియమమే దండగ. నడిస్తే, సంస్థ మొత్తం మీద ఒక్కరికి మాత్రం డబ్బు కట్టి నియమాలన్నీ ఆ ఒక్కరి పేరుతో రాయించుకుని, మిగతా అందరూ ఉచితంగా ఆ ఫలం అనుభవించవచ్చు. అందువల్లనే దాదాపు అందరూ వర్క్‌స్పేస్ మొత్తాన్ని ఒకే ప్లానులో ఉంచి, అందులోని సభ్యులందరినీ లెక్కపెడతారు. జీరా (Jira) అనే ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో పది మంది వరకు ఉచితం. పదకొండో మనిషి చేరిన నాడు ఆ ఒక్కరికి కాదు, మొత్తం పదకొండు మందికీ కట్టవలసి వస్తుంది. అలాంటిదే అయిన ట్రెల్లో (Trello) కూడా 2024 నుంచి ఉచిత వర్క్‌స్పేస్‌లో పది మందికి మించి కలిసి పనిచేయనివ్వడం లేదు.

అయితే ముందు తలుపు మూసిన వారే పక్క తలుపులు కొన్ని తెరిచి ఉంచారు. వాటిని జాగ్రత్తగా చదువుకోవాలి, ఎందుకంటే ఒక్కో చోట ఒక్కో పద్ధతి. మండే డాట్ కామ్‌లో డబ్బు కట్టే ప్లాను ఉంటే వ్యూయర్లు ఎందరున్నా ఉచితమే, కానీ వారు చూడగలరే తప్ప దేనినీ మార్చలేరు. బేస్‌క్యాంప్‌లో మనిషికి ఇంత అని కట్టే ప్లానులో సొంత ఉద్యోగులకే లెక్క, బయటి నుంచి పిలిచిన అతిథులకు లేదు. ట్రెల్లో డబ్బు ప్లానులో ఒకే ఒక్క బోర్డులో ఉండే అతిథికి రుసుము లేదు. అదే మనిషిని రెండో బోర్డుకు పిలిచిన క్షణం నుంచి అతను పూర్తి సభ్యుడితో సమానంగా బిల్లులో చేరతాడు. జీరా సర్వీస్ మేనేజ్‌మెంట్‌లో అర్జీ పెట్టుకునే వారికి సీటు, అంటే డబ్బు కట్టే సభ్యత్వం, అక్కర్లేదు, ఆ అర్జీని పరిష్కరించే ఏజెంటుకే సీటు కావాలి. మీ ఫిట్టర్ చెప్పే ‘పని అయింది’ అన్న మాటను కూడా ఒక అర్జీగా చూడగలిగితే, అతనికి సీటు లేకుండానే మీ పని జరుగుతుంది.

కాబట్టి ఎవరికి డబ్బు కట్టాలి అనే ప్రశ్నను కొంచెం మార్చి వేసుకోవాలి: ఎవరు చూస్తారు, ఎవరు కబురు మాత్రం అందిస్తారు, ఎవరు కార్డును మారుస్తారు? సీటు అవసరం మూడో రకానికే.

ఒకే లాగిన్ ఇరవై మందికి ఇవ్వడం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. చాలామంది అమ్మకందారుల షరతులు దాన్ని ఒప్పుకోవు, అది ఒక మాట. అంతకంటే పెద్ద నష్టం మీకే జరుగుతుంది. ఏ తోటలో ఎవరు టిక్ పెట్టారో చరిత్రలో ఒకే పేరు కనిపిస్తుంది. రైతు వచ్చి ఫిల్టర్ బిగించకుండానే అయిపోయిందని రాశారని అడిగితే, ఎవరిని అడగాలో మీకే తెలియదు. ఒక ఫోను పోయినా, ఒక మనిషి పని మానేసినా, ఇరవై ఫోన్లలో పాస్‌వర్డు మార్చాలి.


జవాబు: ఏరువాక చీరలు, గద్వాల

రెండు వర్క్‌స్పేస్‌ల సలహా గురించి నా అనుభవం చెబుతాను. మేము చీరల ఆర్డర్లు తీసుకుని ఇక్కడి మగ్గాల మీద నేయిస్తాము. డిజైను, నూలు, రంగులు, డెలివరీ తేదీలు చూసే ఐదుగురికి డబ్బు ప్లాను పెట్టి, మగ్గాల దగ్గరికి తిరిగి పని చూసే తొమ్మిది మందికి వేరుగా ఉచిత వర్క్‌స్పేస్ పెట్టాము. మొదటి నెల ఎంతో పొదుపు చేశామని అనుకున్నాము.

నిజానికి జరిగిందేమిటంటే, ప్రతి ఆర్డరుకూ రెండు కార్డులు తయారయ్యాయి. ఉదయం అక్కడి నుంచి ఇక్కడికి, సాయంత్రం ఇక్కడి నుంచి అక్కడికి నకలు రాసే పని ఒక అమ్మాయికి అప్పగించాము. ఆమె సెలవు పెట్టిన మూడు రోజుల్లో ఒక పెళ్లివారు చీర వారం ముందే కావాలని తేదీ మార్చారు. మా కార్డులో తేదీ మారింది, మగ్గం దగ్గరి కార్డులో మారలేదు. అంచు రంగు మాత్రం మగ్గం దగ్గరి కార్డులోనే సరిగా ఉంది, మా దాంట్లో పాతదే ఉండిపోయింది. ఏ కార్డును నమ్మాలో ఎవరికీ తెలియని స్థితి వచ్చింది. గద్వాల చీర తెలిసినవారికి చెప్పనవసరం లేదు: నూలు ఒడలు వేరు, పట్టు అంచు వేరు, రెండూ కలిసే చోటనే నేతగాడి శ్రమంతా ఉంటుంది. రెండు వర్క్‌స్పేస్‌ల మధ్య కూడా పని అంతా ఆ కలిసే చోటనే పడుతుంది. ఆ అమ్మాయి జీతంలో ఆ పనికి పోయిన భాగం లెక్క వేస్తే, తొమ్మిది సీట్ల ఖర్చు కంటే ఎక్కువే తేలింది.

ఇప్పుడు మేము ఒకే వర్క్‌స్పేస్ వాడుతున్నాము. మగ్గాల వైపు నుంచి లోపలికి వచ్చేది ఒకే ఒక ఫారం: చీర నంబరు, ఎన్ని గజాలు అయింది, ఫొటో. లాగిన్ లేదు, లింకు నొక్కితే తెరుచుకుంటుంది. ఇక్కడి నుంచి వారికి వెళ్లేది రోజూ ఉదయం ఒక వాట్సాప్ సందేశం. తేదీ అనేది ఒకే చోట ఉంటుంది, దాన్ని మార్చే అధికారం మా ఐదుగురికే ఉంది. మీరు ఏ దారి ఎంచుకున్నా, ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసే అవసరం రాకుండా చూసుకోండి.


జవాబు: అమరావతి అక్క, మిర్యాలగూడ

పైవారి మాటలతో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల యంత్రాలకు మరమ్మతులు చేసే సంస్థలో నేను పనులు పంచే బాధ్యత చూస్తాను. మేము కూడా మొదట మెకానిక్కులకు ఫారం మాత్రమే ఇచ్చాము. వారు కబురు పంపుతారు, మేము చదువుతాము. తిరిగి మేము ఏం మార్చామో, ఎందుకు మార్చామో వారికి తెలిసేది కాదు.

పాలిషర్ దగ్గర నిలబడిన మెకానిక్‌కు ఆ యంత్రం గురించి మా ఆఫీసులో ఉన్న అందరికంటే ఎక్కువ తెలుసు. బెల్టు కాదు, బేరింగు పోయింది అని రాయడానికి ఫారంలో గడి లేదు. గడి లేదు కాబట్టి అతను రాయలేదు. మేము బెల్టు పంపాము, మిల్లు మరో రోజు ఆగింది. ఉచితం, డబ్బు కట్టేది అనే గీత మనం సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నామని అనుకుంటాము, కానీ అది మనుషుల మధ్య గీతగా మారిపోతుంది. పని చేసే మనిషికి తన పని చరిత్రను చూసే హక్కు, దాని మీద నాలుగు మాటలు రాసే హక్కు ఉండాలని నా అభిప్రాయం.

అలాగని ఇరవై మందికీ కట్టమని నేను అనడం లేదు. మీరే చెప్పారు, ఫిట్టర్లు నలుగురేసి ఐదు జట్లుగా వెళతారని. ఒక్కో జట్టులో పెద్ద మేస్త్రీ ఒకరు ఉంటారు కదా? ఆ ఐదుగురికి పూర్తి సీటు ఇవ్వండి. తోట దగ్గర నలుగురూ ఒకే చోట ఉంటారు, ఒక ఫోను తెరిస్తే నలుగురూ డ్రాయింగ్ చూస్తారు. పని గురించి ఎవరికేమి తోచినా మేస్త్రీ పేరుతో వ్యాఖ్య వెళుతుంది, దానికి మీరు సమాధానం రాస్తే అతనికి చేరుతుంది. మొత్తం పదమూడు సీట్లు అవుతాయి. ఇది ఒకే లాగిన్ పంచుకోవడం లాంటిది కాదు, ఎందుకంటే ఆ లాగిన్‌కు ఒక మనిషి బాధ్యుడుగా ఉంటాడు.


జవాబు: లెక్కల పుస్తకం, వనపర్తి

అక్కగారు చెప్పిన పదమూడు సీట్ల లెక్కను నేను పూర్తి చేస్తాను. పదమూడు మందికి 850 చొప్పున 11,050 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 13,039. ఇరవై ఎనిమిది మందికైతే పన్నుతో కలిపి 28,084 అయ్యేది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. కార్డు నుంచి ప్రతి నెలా దానంతట అదే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి 5,000 రూపాయల పరిమితి పెట్టి, 2022 జూన్‌లో దాన్ని 15,000కు పెంచింది. అంతకు మించితే ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ ఓటీపీ మీరు ఏ తోటలోనో సిగ్నల్ లేని చోట ఉన్నప్పుడు వస్తే చెల్లింపు ఆగిపోతుంది, కొన్నాళ్లకు ఖాతా ఉచిత ప్లానుకు జారిపోతుంది. 13,039 ఆ పరిమితి లోపలే ఉంది.

సంవత్సరానికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారు, కానీ తొందరపడవద్దు. మీ పని ఎండలు ముదరకముందు ఎక్కువగా, వానాకాలంలో తక్కువగా ఉంటుంది. జట్లు ఐదు నుంచి మూడుకు తగ్గే నెలలు మీకు ఉంటే, ఏడాది ప్లానులో కొన్న సీట్లను మధ్యలో తగ్గించుకోవడానికి సాధారణంగా వీలుండదు. తగ్గింపు కంటే ఖాళీ సీట్ల నష్టమే పెద్దది కావచ్చు. మొదటి ఏడాది నెలవారీగా కట్టి చూడండి. ఇంకొక మాట: అమ్మేది విదేశీ సంస్థ అయితే, మీకు జీఎస్టీ నంబరు ఉంటే దాన్ని ఖాతాలో తప్పక ఎక్కించండి. అప్పుడు పన్నును రివర్స్ ఛార్జి కింద మీరే కట్టి, అర్హత మేరకు తిరిగి క్రెడిట్ తీసుకోవచ్చు. నంబరు ఇవ్వకపోతే మిమ్మల్ని మామూలు వాడకందారుగా లెక్కగట్టి వారే పన్ను వేస్తారు, ఆ క్రెడిట్ మీకు దక్కదు.


జవాబు: కొల్లాపూర్ మామిడి, నాగర్‌కర్నూల్

సీటుకు ఇంత అనే లెక్కే లేని దారి కూడా ఒకటి ఉంది. రెడ్‌మైన్ 2006 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. ఓపెన్‌ప్రాజెక్ట్ కమ్యూనిటీ ఎడిషన్ కూడా అలాంటిదే. సొంత సర్వరులో పెట్టుకుంటే ఇరవై ఎనిమిది మంది అయినా, నూట ఎనభై మంది అయినా లైసెన్సు ఖర్చు లేదు. మేము ఒక చిన్న క్లౌడ్ సర్వరు మీద రెండేళ్లుగా నడుపుతున్నాము.

కానీ ఇందులో ఉచితం అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. సర్వరు అద్దె, బ్యాకప్పులు, భద్రత కోసం చేయవలసిన అప్‌డేట్లు, ఒక రాత్రి ఆగిపోతే లేచి సరిచేసే మనిషి, ఇవన్నీ మీవే. మాలో ఒకరికి ఆ పని వచ్చు కాబట్టి సాగుతున్నది. మీ ఎనిమిది మందిలో అలాంటివారు లేకపోతే ఈ దారిని నేను సిఫారసు చేయను.


బత్తాయి తోట, నల్లగొండ

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఐదుగురు మేస్త్రీలను కూర్చోబెట్టి అడిగాను. అక్కగారు చెప్పినది అక్షరాలా నిజమని అప్పుడు తెలిసింది. నిడమనూరు వైపు వెళ్లే మేస్త్రీ ఒక మాట అన్నారు: డ్రాయింగ్‌లో సబ్ మెయిన్ పైపు వెళ్లవలసిన చోట బావి గట్టు ఉందని ఆయన రెండుసార్లు ఫోనులో చెప్పారట, అది మా కార్డులోకి ఎక్కలేదు. ఆ తోటలో పైపు తీసి మళ్లీ వేసిన సంగతి నాకు తెలుసు, ఎందుకు తీయవలసి వచ్చిందో నిన్ననే తెలిసింది.

కాబట్టి పదమూడు సీట్లు, నెలవారీ చెల్లింపు, ఒకే వర్క్‌స్పేస్ అని నిర్ణయించుకున్నాము. మిగతా పదిహేను మంది ఫిట్టర్లకు లాగిన్ లేని ఫారం లింకు ఒకటి ఇస్తాము. అది ఫొటో పెట్టడానికి, సామగ్రి తక్కువ పడితే చెప్పడానికి మాత్రమే. గద్వాల వారు చెప్పినట్లు తేదీ ఒకే చోట ఉంటుంది. ఫారంలో గడులు తెలుగులోనే రాశాము, చివర ‘ఇంకేమైనా చెప్పాలా’ అని ఒక ఖాళీ పెద్ద గడి కూడా పెట్టాము. ఓపెన్ సోర్స్ దారి మా వల్ల కాదని తేలింది, సర్వరు చూసే మనిషి మాకు లేరు.

ఒక్క సందేహం మిగిలింది. మేస్త్రీలకు పూర్తి సీటు ఇస్తే రైతుల ఫోను నంబర్లు, వారు ఎంత వాటా కట్టారు, ఎంత బాకీ ఉంది అనేవన్నీ వారికి కనిపిస్తాయా?


జవాబు: దివిటిపల్లి టవర్, మహబూబ్‌నగర్

కనిపిస్తాయి. బోర్డులో సభ్యుడైన వారికి ఆ బోర్డులోని కార్డులన్నీ కనిపించడమే చాలా సాఫ్ట్‌వేర్లలో మామూలు పద్ధతి. సీటుకు డబ్బు కట్టినా, అతిథిగా ఉచితంగా వచ్చినా ఇందులో తేడా లేదు. రైతు ఫోను నంబరు మేస్త్రీకి అవసరమే, తోట దారి అడగడానికైనా కావాలి. బాకీ వివరాలు మాత్రం అతనికి అక్కర్లేదు. డబ్బుకు సంబంధించిన ఫీల్డులను తోట కార్డులో పెట్టకుండా, ఆఫీసు వారు మాత్రమే చూసే ప్రైవేటు బోర్డులో వేరే కార్డుగా ఉంచి, తోట కార్డుకు లింకు చేయండి. ఇది ఒకే విషయాన్ని రెండు చోట్ల రాయడం కాదు. పైపుల సంగతి ఒక చోట, పైసల సంగతి ఒక చోట ఉంటుంది.

ఇంకొకటి, కొత్త సభ్యులను పిలిచే అధికారాన్ని మీకూ, ఇంకొక్కరికీ మాత్రమే ఉంచండి. చాలా సాఫ్ట్‌వేర్లు మొదట ఆ అధికారాన్ని సభ్యులందరికీ ఇచ్చి ఉంచుతాయి. మేస్త్రీ మంచి ఉద్దేశంతోనే తన జట్టులోని ముగ్గురిని పిలిస్తే, ఆ ముగ్గురూ వచ్చే బిల్లులో చేరిపోతారు. ఐదు జట్లూ అదే చేస్తే మీరు తిరిగి ఇరవై ఎనిమిదికే చేరుకుంటారు. ప్రతి నెలా బిల్లు తేదీకి రెండు రోజుల ముందు సభ్యుల జాబితా తెరిచి, పని మానేసినవారిని తీసివేయండి. తీసివేసినా వారు పెట్టిన ఫొటోలు, రాసిన వ్యాఖ్యలు మామూలుగా కార్డులోనే ఉంటాయి, కానీ మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అలాగే ఉంటుందా అని ఒక ఉత్తుత్తి కార్డు మీద ముందే పరీక్షించుకోండి.